జియోఫిజిక్స్ చదివితే అమ్మాయి సెటిలవుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ ఫైనలియర్. జియోఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి భూగర్భ రిజర్వాయర్ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. బంధువులేమో డేటా సైన్స్ అంటున్నారు. రెండూ పోల్చి చెప్పండి. పెళ్లి వయసు కూడా చూసుకోవాలి కదా.

జవాబు: అసలు మాట చివర్లో రాశారండీ. ముప్పై వచ్చినా పిల్ల చదువుతూనే ఉంటుందేమోననే కదా మీ భయం? ఏటా ఎండాకాలంలో విజయవాడలో నా దగ్గరికొచ్చే తండ్రులు చాలామంది ఇదే అడుగుతారు. బంధువులేమన్నారో రాశారు, పెళ్లి గురించి రాశారు, కానీ ఆ సబ్జెక్టు అమ్మాయికి ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు?

నేను చెప్తాను వినండి. జియోఫిజిక్స్ అంటే భూమి లోపలేముందో భౌతికశాస్త్రంతో కనిపెట్టే చదువు. రిజర్వాయరంటే భూమి కింద చెరువు కాదు. ఇసుకరాయిలోని సన్నటి రంధ్రాల్లో నీరో, చమురో, గ్యాసో నిండి ఉంటుంది. కుండ కొనేముందు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే పైనుంచి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని బట్టి లోపలేముందో చెప్పాలి. గ్యాసున్న చోట తరంగం వేగం తగ్గుతుంది. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాసు వెతికిందీ ఇలాగే. నార్వేలో 1996 నుంచి కార్బన్ డయాక్సైడును సముద్రం అడుగున ఇసుకరాయిలోకి పంపిస్తూ, అది ఎటు పాకుతోందో ఈ పద్ధతిలోనే కనిపెడుతున్నారు. పల్నాడులో ఇంకా అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరుకు పాయింటు చూపించేవాళ్లున్నారు, అక్కడ కూడా ఈ చదువు చాలా అవసరం.

ఇక డేటా సైన్స్. నాకు దాని మీద కోపం లేదు, ఆర్నెల్ల కోర్సుల మీదే అనుమానం. వేలకు వేలు కట్టి నేర్చుకొచ్చిన పిల్లల రెజ్యూమెలు చూస్తుంటాను, అందరివీ అవే ప్రాజెక్టులు, పేరు మారిస్తే ఎవరిదో చెప్పలేం. లెక్కలు వచ్చు, కోడింగ్ వచ్చు, కానీ దేని మీద వాడాలో చెప్పే సబ్జెక్టు చేతిలో ఉండదు. ఇంటర్వ్యూలో అక్కడే ఆగిపోయి, రెండేళ్లు ఖాళీగా కూర్చుని, మళ్లీ ఇంకో కోర్సు ఏదని అడుగుతూ నా దగ్గరికొస్తారు, ఆ మొహాలు చూస్తే బాధేస్తుంది. మీ అమ్మాయి సైస్మిక్ డేటా, అంటే ఆ తరంగాల రికార్డుల మీద పనిచేస్తే, డేటా సైన్స్‌లో వాడే పైథాన్ కోడింగ్ ఎలాగూ నేర్చుకోవాల్సిందే.

నిజం కూడా చెప్పాలి. పీహెచ్‌డీకి ఐదేళ్లు, ఆపైన చాలామందికి విదేశాల్లో రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), ఆ తర్వాతే అధ్యాపక పోస్టు. అవి తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. అయితే జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 ఇస్తారు, మీ మీద భారం పడదు. పీహెచ్‌డీ వద్దనుకున్నా ఎమ్మెస్సీతోనే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జీఎస్ఐకో (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ), కేంద్ర భూగర్భ జల బోర్డుకో వెళ్లొచ్చు, ఓఎన్‌జీసీ కూడా జియోఫిజిసిస్టులను తీసుకుంటుంది. హైదరాబాద్ ఉప్పల్‌లో 1961 నుంచి జాతీయ జియోఫిజిక్స్ పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ ఉంది. అంత దూరం వెళ్లే సబ్జెక్టేం కాదండీ.

ఇప్పుడు మీరు ఒప్పుకోవాల్సింది ఎమ్మెస్సీకే, పీహెచ్‌డీ సంగతి అప్పుడు తనే తేల్చుకుంటుంది. పెళ్లి మాట ఈ రెండేళ్లూ ఎత్తకండి. ఒకరోజు ఇద్దరూ సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ వెళ్లండి, ఆంధ్రా యూనివర్సిటీలో జియోఫిజిక్స్ విభాగం ఉంది. అక్కడి సీనియర్ అమ్మాయిలతో తనను మాట్లాడనివ్వండి. మీరు మాత్రం బయట కూర్చోండి.