సీబీడీ నూనె యాంటీఆక్సిడెంట్ అట, అమ్మ మోకాళ్ల నొప్పులకు వాడొచ్చా?

సీబీడీ అంటే గంజాయి మొక్కలో ఉండే ఓ పదార్థం. అమ్మగారు ఇప్పటికే ఏ మందులు వేసుకుంటున్నారో మీరు రాయలేదు. ఖమ్మంలో మాది మందుల షాపు, నేనైతే ముందు అదే అడుగుతాను.

కిందటి వేసవిలో మా పిన్ని కొడుకు డాలస్ నుంచి వస్తూ వాళ్లమ్మకి ఈ నూనె ఓ సీసా తెచ్చాడు. గోధుమరంగు గాజు సీసా, మూతకే డ్రాపర్. పిన్నికి గుండె వాల్వు మార్చారు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ రోజూ వేసుకోవాలి. రాత్రిళ్లు నాలుక కింద ఆ చుక్కలు వేసుకుని "నిద్ర బాగా పడుతోందిరా" అని ఒకటే మురిసిపోయింది. కొన్నాళ్లకి షాపుకొచ్చి, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, మెత్తటి బ్రష్ ఇవ్వమంది. బ్రష్ తర్వాత, ముందు ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూసే పరీక్ష) చేయించుకు రమ్మన్నాను. ఐదు దాటింది, అంటే రక్తం మరీ పలచబడింది! డాక్టరుగారు నూనె మాన్పించి, వార్ఫరిన్ డోసు సరిచేశారు. వార్ఫరిన్‌ని విరగ్గొట్టే లివర్ ఎంజైముకు సీబీడీ అడ్డం పడుతుంది. మావాడేమో "అది నేచురల్ అన్నయ్యా" అంటాడు. ఉమ్మెత్తకాయా నేచురలే.

ఇక యాంటీఆక్సిడెంట్, అంటే కణాలు పాడవకుండా కాపాడేది అన్న గొడవ. ల్యాబులో పెంచిన ఎలుక మెదడు కణాలను గ్లుటామేట్ అనే రసాయనం చంపేస్తుంటే సీబీడీ, గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ కొంత కాపాడాయని 1998లో అమెరికాలో తేల్చారు. ఆ పని మీదే 2003లో అక్కడి ప్రభుత్వానికి పేటెంటు వచ్చింది. అమ్మేవాళ్లు ఆ పేటెంటు నంబరు పట్టుకుని ఊరేగుతున్నారు. గాజు పళ్లెంలో ఎలుక కణాలెక్కడ, అరిగిన మోకాలెక్కడ?

మన ఒళ్లు తయారుచేసుకునే ఆనందమైడ్ అనే రసాయనం కూడా గంజాయిలోని ఈ పదార్థాల కోవదే. 1992లో జెరూసలేంలో మెషూలం అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టింది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆపే మాత్ర ఒకటి ఫైజర్ మందుల కంపెనీ చేసి, మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లకే ఇచ్చి చూసింది. రక్తంలో ఆనందమైడ్ పెరిగింది. నొప్పి మాత్రం ఉత్తుత్తి మాత్రతో తగ్గినదానికంటే ఏమీ ఎక్కువ తగ్గలేదు. 2012లోనే అచ్చయిన సంగతిది. సీసా మీద ఎవడూ వేయడు.

సీబీడీ బొత్తిగా పనికిరానిదని కాదు. పిల్లల్లో వచ్చే మొండి ఫిట్స్‌కి అమెరికాలో 2018లో మందుగానే అనుమతించారు. లివర్ పరీక్ష చేశాకే మొదలుపెడతారు.

అన్నట్టు, ఇక్కడ వేలకు వేలు పోసి కొనే "హెంప్ సీడ్ ఆయిల్" ఉత్త గంజాయి గింజల నూనె. 2021 నుంచి ఆహారంగా అనుమతి ఉంది, తినొచ్చు. అందులో సీబీడీ దాదాపు ఉండదు. మా కౌంటర్ దగ్గర రోజూ ఇదే వాదన.

మందుల చీటీతో పాటు ఆ సీసా కూడా డాక్టరుకు చూపించండి. రక్తం పలచబరిచే మందులో, ఫిట్స్ మందులో ఉంటే, ఆయన సరేననేదాకా అమ్మగారిని మూత కూడా తియ్యనివ్వకండి.