బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకు

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద 80 స్పీడులో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోందండీ. లేకపోతే ఏమీ ఉండదు. చక్రాల బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు.
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: బ్యాలెన్సింగ్ డబ్బులు దండగేనండీ. బ్రేక్ వేయకుండానే వణికితే చక్రాలు చూడాలి. మీది ముందు చక్రాల బ్రేక్ డిస్కుల గొడవలా ఉంది. సీటు అదిరితే వెనక బ్రేకులను అనుమానించేవాణ్ణి. డిస్కు వంగిందంటారు మెకానిక్‌లు. ఎక్కువసార్లు జరిగేది మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కావడం. కొత్తవి కొనేముందు పాతది విప్పించి, అది కూర్చునే హబ్ చూడండి. అక్కడ పలుచని తుప్పు పొర ఉన్నా డిస్కు ఓరగా కూర్చుంటుంది. వైర్ బ్రష్‌తో రుద్దించి, డయల్ గేజ్ (డిస్కు తిరిగేటప్పుడు ఎంత అటూఇటూ ఊగుతోందో చూపే ముల్లు మీటరు) పెట్టి డిస్కును తిప్పమనండి. చాలా కార్లకు ఆ ఊగు 0.05 మిల్లీమీటర్లు దాటకూడదు. చక్రం నట్లు ఎదురెదురుగా, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచితో బిగించాలి. ఎయిర్ గన్‌తో టకటకా బిగించేస్తుంటే మాత్రం అక్కడే ఆపండి.