సిగరెట్ మానేసి వేప్‌కి మారితే మంచిదేనా?

ప్రశ్న అడిగిన తమ్ముడు చెప్పింది ఇదీ: వయసు 24, మాదాపూర్‌లో ఉద్యోగం, రోజుకి ఏడెనిమిది సిగరెట్లు. టీమ్‌లో ముగ్గురు ఇప్పటికే వేప్‌కి, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్‌కి మారిపోయారట. నేనూ మారితే ఆరోగ్యానికి మంచిదేనా, మీలో ఎవరైనా మారారా అని అడిగాడు.

నేను మారాను. రెండేళ్ళు వేప్ తాగాను. అందుకే రాస్తున్నా.

ముందు ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు నిజంగా ఆరోగ్యం కోసమే మారాలనుకుంటున్నావా? ఎందుకంటే నేను చూసినంతలో మన వయసులో ఎవడూ ఆరోగ్యం కోసం మారడు. ఇరవై నాలుగేళ్ళకి ఊపిరితిత్తులు ఎవరికి గుర్తొస్తాయి? గుర్తొచ్చేది వాసన. ఇంటర్‌లో మేము మొదటి సిగరెట్ తాగినప్పుడు కాలేజీ వెనక జామచెట్టు ఆకులు నమిలి, చేతులు మట్టితో రుద్ది కడుక్కుని ఇంటికి వెళ్ళేవాళ్ళం. అమ్మ దగ్గరికి రాకముందే బాత్రూంలో దూరిపోవడం, చొక్కా మార్చుకోవడం, సోంపు నమలడం, ఇదంతా ఆరేడేళ్ళు చేశాను. వేప్ చేతికి వచ్చినప్పుడు నాకు కలిగిన మొదటి ఆనందం ఇక దాక్కోనక్కర్లేదు అని. ఊపిరితిత్తులు బాగుపడతాయని కాదు.

2022 సెప్టెంబర్‌లో మాస్టర్స్ కోసం ఇంగ్లండ్‌లో కోవెంట్రీ వెళ్ళాను. మూడు గదుల ఇంట్లో ఆరుగురం తెలుగువాళ్ళం, అందులో నలుగురం సిగరెట్ తాగేవాళ్ళం. అక్కడ ఇరవై సిగరెట్ల పాకెట్ 12 పౌండ్ల పైనే. వారానికి ఇరవై గంటలే పని చేయనిచ్చే వీసా మీద బతికేవాడికి అది మామూలు ఖర్చు కాదు. పైగా ఇంట్లో పొగ వాసన వస్తే డిపాజిట్‌లో కోస్తానని ఓనరు ముందే చెప్పాడు, అందుకని నవంబర్ చలిలో పెరట్లో నిలబడి వణుకుతూ తాగేవాళ్ళం. ఆ పరిస్థితిలో ఐదారు పౌండ్లకి 600 పఫ్‌లు (దమ్ములు) వచ్చే, వాడి పారేసే వేప్ దొరుకుతుంటే ఎవరైనా ఏం చేస్తారు?

కానీ నలుగురం ఒకేలా తీసుకోలేదు. విజయనగరం అబ్బాయి ఒకడు దాన్ని ముట్టుకోనే లేదు. "ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరతాయంటరా, నాకొద్దు" అనేవాడు. అలా అంటూనే రోజుకి పదిహేను సిగరెట్లు, అవి కూడా చుట్టుకునే పొగాకుతో, ఫిల్టర్ కూడా సరిగ్గా లేకుండా తాగేవాడు. వాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ బాధే. తెలిసిన విషం కాబట్టి భయం లేదు, కొత్తదైతే భయం. వరంగల్ అబ్బాయికి వేప్‌లో అసలు దమ్ము తాకడం లేదని అసంతృప్తి. గొంతులో ఆ పట్టు రాదు, చేతిలో నిప్పు లేదు, ఇదేదో చిన్నపిల్లల చాక్లెట్‌లా ఉందనేవాడు. అయినా షిఫ్ట్‌లో వేప్, ఇంటికొచ్చాక సిగరెట్, రెండూ నడిపాడు. గుంటూరు అబ్బాయి మాత్రం పూర్తిగా మారి, ఆరు నెలల్లో వేప్ కూడా పక్కన పెట్టేశాడు. నాలుగోవాణ్ణి నేను. సిగరెట్ మానేశానని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను, అమ్మ ఏడ్చింది. అమ్మని మోసం చేస్తున్నానని ఆ రోజు నాకు తోచలేదు, ఎందుకంటే నేనూ అదే నమ్మాను.

సిగరెట్ తాగే రోజుల్లో నాకొక లెక్క ఉండేది. ఏడు. పొద్దున్న ఒకటి, భోజనాల తర్వాత రెండు, మిగతావి మధ్యలో. బయటికి వెళ్ళాలి, వెలిగించాలి, ఐదు నిమిషాలు నిలబడాలి, అయిపోగానే లోపలికి రావాలి. వేప్‌తో ఇవేవీ లేవు. లైబ్రరీలో ముఖం స్వెటర్‌లో దాచుకుని ఒక పఫ్, బస్సులో వెనక సీట్లో ఒక పఫ్, వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసేటప్పుడు బ్రేక్ రాగానే లాకర్ దగ్గరికి పరుగు. నిద్రలో మెలకువ వచ్చినా చెయ్యి దిండు కిందికి వెళ్ళేది. సిగరెట్ కోసం నేను ఎప్పుడూ రాత్రి మూడింటికి లేవలేదు.

ఇది నాకు అర్థమైంది మా అమ్మమ్మ వల్ల.

2024 సంక్రాంతికి ఇంటికి వచ్చాను. మాది శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం వైపు పల్లెటూరు. హ్యాండ్ బ్యాగులో ఐదు వేప్‌లు పెట్టుకొచ్చాను. మన దేశంలోకి తేవడం నేరమని తెలిసీ తెచ్చాను, అది తప్పే, మళ్ళీ చేయను. హైదరాబాద్‌లో దిగినప్పుడు కస్టమ్స్ దాటేదాకా పట్టిన చెమట ఇంకా గుర్తుంది. భోగికి ముందు రోజు రాత్రి ఇల్లంతా చుట్టాలు, నాకు సావిట్లో అమ్మమ్మ నులకమంచం పక్కన కింద పరుపు వేశారు. అందరూ పడుకున్నాక దుప్పటి ముసుగులో వేప్ పీలుస్తున్నాను. మామిడిపండు ఫ్లేవర్.

చీకట్లోంచి అమ్మమ్మ గొంతు వచ్చింది. "ఏట్రా బావు, మామిడిపండు వాసనొస్తంది? పుష్యమాసంలో మామిడిపండేటి?"

మా అమ్మమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. అడ్డ పొగ తాగుతుంది. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, చుట్టని తిరగేసి, కాలే కొసని నోట్లో పెట్టుకుని తాగడం. మా తీరంలో ఆడవాళ్ళు తరాలుగా అలాగే తాగుతున్నారు, సముద్రపు గాలికి ఆరిపోకుండా ఉంటుందని చెప్తారు. చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి పనీ ఆగదు. చిన్నప్పుడు నాకది మామూలు విషయం, బయటి ఊళ్ళవాళ్ళు నోరెళ్ళబెట్టి చూస్తే అప్పుడు తెలిసింది అందరూ అలా తాగరని.

ఆమె దగ్గర దాచాలనిపించలేదు. వేప్ తీసి చేతిలో పెట్టాను. ఫోన్ లైట్‌లో అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిప్పేదిరా దీనికి?"

"నిప్పుండదు అమ్మమ్మా. లోపల బ్యాటరీ ఉంటుంది, దాంతో రసం వేడెక్కి ఆవిరొస్తుంది."

"మరెలగ ఆర్పుతావు?"

ఆర్పక్కర్లేదు, జేబులో పెట్టుకోవడమే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "నాను రోజుకి మూడు సుట్టలు. పొద్దున్నొకటి, అన్నం తిన్నాక ఒకటి, రేతిరొకటి. నువ్వెన్ని?"

చెప్పలేకపోయాను. నిజంగా తెలియదు. పదిహేడేళ్ళకి మొదలుపెట్టిన రోజు నుంచి ఎవరడిగినా సగం తగ్గించి అబద్ధం చెప్పేవాణ్ణి, కానీ అసలు సంఖ్య నా మనసులో ఉండేది. ఆ రాత్రి అబద్ధం చెప్పడానికి కూడా నా దగ్గర సంఖ్య లేదు. అమ్మమ్మ దాన్ని నా చేతికిచ్చేసి అటు తిరిగి పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. తెల్లారుజామున భోగిమంట దగ్గర కూర్చుని ఫోన్‌లో లెక్క కట్టాను. సిగరెట్‌కి పది, పన్నెండు దమ్ములు, ఏడు సిగరెట్లంటే ఎనభై చిల్లర. వేప్ ఒకటి 600 పఫ్‌లని రాసుంటుంది, నాకు ఒకటిన్నర రోజులో అయిపోతోంది. అంటే రోజుకి 400. అందులో 2 మిల్లీలీటర్ల రసం, మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల నికోటిన్, మొత్తం 40 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్ నుంచి ఒంటికి చేరేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే. వేప్‌లో ఉన్నదంతా ఒంటికి చేరదు, అది నిజమే, అయినా ఏ లెక్కన చూసినా నా అలవాటు పెరిగింది తప్ప తగ్గలేదు.

ఇప్పుడు న్యాయంగా చెప్పాల్సినవి కూడా చెప్తాను. సిగరెట్‌లో చంపేది కాలడం వల్ల వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్, వేలకొద్దీ రసాయనాలు. నికోటిన్ మనిషిని కట్టిపడేస్తుంది, మిగతా నాశనం ఎక్కువగా పొగ చేస్తుంది. వేప్‌లో కాలడం లేదు కాబట్టి, సిగరెట్ పూర్తిగా వదిలేసిన వాడికి హాని తగ్గుతుంది. ఇంగ్లండ్ ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ 2015లో సిగరెట్ కన్నా 95 శాతం తక్కువ హాని అని చెప్పింది, 2023లో ప్రభుత్వం 10 లక్షల మందికి వేప్ కిట్లు ఇచ్చి సిగరెట్ మాన్పిస్తామని కూడా ప్రకటించింది. ఆ 95ని ఇక్కడ అందరూ మంత్రంలా వల్లిస్తారు. అది నిపుణులు కూర్చుని వేసిన అంచనా, పైగా పూర్తిగా మారిన వాళ్ళ గురించి. పొద్దున వేప్, సాయంత్రం టీ బంకు దగ్గర సిగరెట్ తాగేవాడి గురించి కాదు. అలాగని వేప్ ఆవిరంటే ఉత్త నీటి ఆవిరీ కాదు, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, ఫ్లేవర్లు, నికోటిన్. ఈ నీటి ఆవిరి మాట ఎవరు పుట్టించారో గానీ మా ఇంట్లో నలుగురమూ దాన్ని నమ్మాం.

ఇంగ్లండ్‌లోనే 886 మంది మీద చేసిన ఒక పరీక్ష 2019లో వచ్చింది. సగం మందికి వేప్‌లు, సగం మందికి నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటివి ఇచ్చారు. ఏడాది తర్వాత వేప్ వాళ్ళలో 18 శాతం మంది సిగరెట్ మానేశారు, రెండో గుంపులో 9.9 శాతం. వేప్ అమ్మేవాళ్ళు ఇక్కడితో ఆపుతారు. ఆ మానేసిన వాళ్ళలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ తాగుతూనే ఉన్నారు, గమ్, ప్యాచ్ వైపు వాళ్ళలో ఇంకా అవి వాడుతున్నది 9 శాతమే. నాకు ఈ రెండో సంగతే ముఖ్యం, ఎందుకంటే ఆ 80లో నేనూ ఉన్నాను.

ఇదంతా ఇంగ్లండ్ సంగతి. నువ్వున్నది మాదాపూర్. ఇంగ్లండ్‌లో నికోటిన్ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని చట్టం ఉంది, రసంలో ఏముందో కంపెనీ ప్రభుత్వానికి చెప్పాలి. మన దగ్గర 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, డిసెంబర్‌లో చట్టం తెచ్చి తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ, ప్రకటనలు అన్నీ నిషేధించారు. అమ్మితే మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా. అయినా నీ టీమ్‌మేట్లకి దొరుకుతోంది కదా? అది ఎక్కడిది, ఎవరు నింపారు, డబ్బా మీద 5 శాతం అని రాసుంటే దానర్థం మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాములని వాళ్ళకి తెలుసా? నేను తాగినదానికి రెండున్నర రెట్లు. 2019లో, 2020 మొదట్లో అమెరికాలో వేప్‌ల వల్ల 2,800 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది పోయారు. ఎక్కువగా బయట దొంగచాటుగా అమ్మిన గంజాయి రసంలో కలిపిన విటమిన్ ఇ నూనె వల్ల అని తర్వాత తేలింది. మా విజయనగరం మిత్రుడు దాన్ని చూపించి అన్ని వేప్‌లూ అంతే అనేవాడు, అది తప్పు. కానీ చాటుగా కొన్న రసంలో ఏముందో తెలియదన్న మాట మాత్రం హైదరాబాద్‌కి సరిగ్గా సరిపోతుంది.

ఈ నిషేధం మీద నాకు కోపం ఉంది. వేప్ నిషేధించి, సిగరెట్‌ని మాత్రం ప్రతి బంకులో విడిగా ఒక్కొక్కటి అమ్మనిస్తే ఏం లాభం? పాకెట్ మీద 85 శాతం మేర పుండు బొమ్మతో హెచ్చరిక వేయించారు, మంచిదే. కానీ విడిగా కొనే కుర్రాడికి ఆ బొమ్మ ఎప్పుడు కనిపించింది? నేను ఇండియాలో ఉన్నన్నాళ్ళూ పాకెట్ కొన్నది పదిసార్లు కూడా కాదు. ఆ పాకెట్ మీదే సిగరెట్ మానడానికి ఉచితంగా సాయం చేసే నంబర్ ఉంటుంది, 1800-11-2356. విడిగా కొన్న నాకు అది ఉందనే తెలియదు.

నేనెలా మానానంటావా. సంక్రాంతి నుంచి తిరిగి వెళ్ళగానే వాడి పారేసే వేప్‌లు కొనడం ఆపేశాను. (2025 జూన్ 1 నుంచి అక్కడ వాటిని నిషేధించారు కూడా.) రసం నింపుకునే కిట్ కొని 20 నుంచి 10కి, 10 నుంచి 5కి దిగాను. ఒక్కో మెట్టుకి నెలలు పట్టాయి. గదిలో, మంచం మీద తాగకూడదని నియమం పెట్టుకున్నాను. చలిలో పెరట్లోకే వెళ్ళాలి, సిగరెట్ రోజుల్లోలాగా. ప్రతిసారీ గోడ మీద క్యాలెండర్‌లో ఒక గీత. మొదటి వారం గీతలు ఎక్కువై గడి సరిపోలేదు. చివర్లో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ వాడాను. 2024 నవంబర్‌లో ఆగిపోయింది. చిరాకు, తలనొప్పి, రాత్రి మూడింటి మెలకువ మూడు వారాలు వేధించాయి, తర్వాత తగ్గాయి.

నిన్ను మారొద్దని గానీ మారమని గానీ చెప్పలేను. కానీ ఆ చాటు సరుకు మాత్రం కొనకు. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల గమ్ మామూలుగానే దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టు. వేప్‌లో నాకు పోయింది లెక్క. నీకింకా ఏడెనిమిదని చెప్పగలిగే లెక్క ఉంది, దాన్ని వదులుకోకు.

అమ్మమ్మ రాత్రి చుట్ట మానేసిందని పోయిన నెల అమ్మ చెప్పింది. అడ్డ పొగ తాగేవాళ్ళకి అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ వస్తాయని వైజాగ్ డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నారు, ఆమె అంగిలి తెల్లబడి చాలా కాలమైంది. వచ్చే సంక్రాంతికి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళి చూపిస్తానన్నాను, ఒప్పుకుంది. నువ్వు ఒక పని చెయ్యి తమ్ముడూ, రేపు పొద్దున్నుంచి రాత్రి దాకా ఎన్ని తాగావో కాగితం మీద గీతలు పెట్టి, ఆ సంఖ్య ఉన్నదున్నట్టు ఇక్కడ కింద రాయి. నేను చూస్తాను.