పచ్చడి తర్వాత, ముందు ఆ ఎక్కిళ్ల సంగతి చూడండి

ప్రశ్న: మాది గంజాం జిల్లా, ఇచ్ఛాపురం అవతల ఊరు. పెరట్లో ఒక చెట్టుకు చిన్న గులాబీ రంగు పూలు గుత్తులుగా పూస్తాయి. కాయకు ఐదు పలకలు, అడ్డంగా కోస్తే నక్షత్రంలా ఉంటుంది. ఇక్కడ కరమంగా అంటారు. ఇదేం చెట్టు? పచ్చడి పెట్టుకోవచ్చా? అమ్మకు 58 ఏళ్లు, బీపీ ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.8 వచ్చింది. వేడి తగ్గుతుందని ఎవరో చెబితే వారం నుంచి పొద్దున్నే ఈ కాయల రసం తాగుతోంది. నిన్నటి నుంచి ఎక్కిళ్లు, రాత్రి నిద్ర లేదు. వాము నమిలిస్తున్నాం.

జవాబు: పచ్చడి గురించి అడిగి, అసలు సంగతి చివర్లో రాశారు. రసం ఇప్పుడే ఆపేయండి. ఇది చదివిన వెంటనే అమ్మగారిని డయాలసిస్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీకు బరంపురం దగ్గర. మగతగా ఉన్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

మీరు చెప్పిన గుర్తులను బట్టి అది స్టార్ ఫ్రూటే అయ్యుండాలి. ఇందులో కిడ్నీల్లో పేరుకుపోయే ఆక్సలేట్ అనే లవణం ఎక్కువ. దాంతోపాటు నరాల మీద పనిచేసే కారంబాక్సిన్ అనే విషపదార్థం ఉన్నట్టు 2013లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు గుర్తించారు. కిడ్నీలు బాగుంటే దాన్ని బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్నవి పంపలేవు, అది మెదడు దాకా వెళ్తుంది. క్రియాటినిన్ 2.8 అంటే అమ్మగారి కిడ్నీలు దెబ్బతిన్నవే. ఆగని ఎక్కిళ్లు, నిద్ర పట్టకపోవడం, వాంతులు, కాళ్లూచేతుల్లో బలహీనత, గందరగోళం, చివరికి ఫిట్స్. ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఒక్క పండు తిన్నా ఇలా అయిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి.

అమ్మగారి ఎక్కిళ్లకు కారణం ఇదేనని చూడకుండా చెప్పలేను. రక్తంలో యూరియా బాగా పెరిగినా ఎక్కిళ్లు వస్తాయి. ఏదైనా సరే, అది వాముతో పోయేది కాదు. యూరియా, క్రియాటినిన్, పొటాషియం, ఈసీజీ ఈరోజే చూడాలి. రసం తాగిన సంగతి, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని కాయలు అన్నది డ్యూటీ డాక్టరుకు మీరే చెప్పండి. వాళ్లు అడగకపోవచ్చు. ఇదే కారణమైతే సాధారణంగా హీమోడయాలసిస్ (యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేయడం) చేస్తారు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

ఒక మాట కోపంగానే అంటాను. ఉద్దానం మీకు పక్కనే. కిడ్నీ జబ్బంటే ఏమిటో ఆ ఊళ్లను చూసిన మీకు నేను చెప్పక్కర్లేదు. క్రియాటినిన్ 2.8 ఉన్న మనిషికి ఎవరో చెప్పిన రసం పోశారు, ఎక్కిళ్లు వస్తే ఇంట్లో వైద్యం చేశారు, తర్వాత పోర్టల్‌కు ఉత్తరం రాశారు. మా దగ్గర జవాబు రావడానికి రోజులు పడుతుంది. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే కిడ్నీ రోగుల్లో చాలామందిది ఇదే కథ: "తగ్గుతుందేమో చూద్దామనుకున్నాం సార్." ఎక్కిళ్లు, వాంతులు, మూత్రం తగ్గడం, ముఖం ఉబ్బడం, వీటిలో ఏది వచ్చినా చూస్తూ కూర్చోవద్దు.

ఇక పచ్చడి. కిడ్నీలు బాగున్నవాళ్లు భోజనంతో కొంచెం తింటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. పరగడుపున గ్లాసుల కొద్దీ రసం మాత్రం వాళ్లకూ వద్దు, ఆక్సలేట్ పేరుకుని మంచి కిడ్నీలే దెబ్బతిన్న కేసులున్నాయి. దీని దగ్గరి చుట్టం బిలింబి రసంతో కేరళలోనూ అలా జరిగింది. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఒకసారి క్రియాటినిన్ చూపించుకున్నాకే తినండి. అమ్మగారికి పండు, రసం, పచ్చడి ఏదీ వద్దు. ఊరబెడితే విషం పోతుందన్న నమ్మకం పెట్టుకోకండి.