సోఫా అడ్వాన్సు కార్డుతో కట్టారు, సరుకు రాలేదు: బ్యాంకులో ఏమని రాయాలి?

సోఫా రాలేదని బ్యాంకులో కంప్లైంట్ ఇస్తే కొట్టేశారు, ఇప్పుడేం చేయాలని అడిగారు. కొట్టేయడానికి కారణం బహుశా మీరు ‘మోసం’ అని రాయడమే. మిర్యాలగూడ షాపులో సోఫాకు అడ్వాన్సు మీరే కార్డు గీకి, పిన్ కొట్టి కట్టారు కదా, దాన్ని ‘నాకు తెలియకుండా పైసలు పోయాయి’ అని పెడితే వాళ్లు ఒక్క లైన్లో మూసేస్తారు.

1. ముందు షాపుకు వాట్సాప్‌లో రాయండి: ఫలానా తేదీకి ఇస్తామన్నారు, ఇవ్వలేదు, ఆర్డర్ రద్దు, డబ్బు అదే కార్డుకు వెయ్యండి. అందరూ వదిలేసేది ఇదే. ఫోన్లో ఎంత గొడవపడ్డా బ్యాంకుకు చూపించడానికి ఏమీ మిగలదు. రసీదు మీద డెలివరీ తేదీ పెన్నుతో గీకి ఉన్నా సరే, ఫొటో తీసి పెట్టుకోండి. ‘బదులుగా వేరే సామాను తీసుకోండి’ అంటే మాత్రం ఒప్పుకోకండి, కేసు అక్కడే బలహీనమవుతుంది.

2. బ్యాంకు డిస్ప్యూట్ ఫారంలో (కార్డు చెల్లింపు మీద అభ్యంతరం చెప్పే ఫారం) ‘సరుకు అందలేదు’ అని పెట్టి ఛార్జ్‌బ్యాక్, అంటే షాపు నుంచి డబ్బు వెనక్కి తెప్పించి మీ కార్డుకు వేయమని అడగండి. దీనికి గడువు ఉంటుంది, ఈ వారమే ఇచ్చేయండి.

3. 30 రోజుల్లో బ్యాంకు నుంచి జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టండి. ఫీజు లేదు.

4. షాపు మీద 1915కు (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అప్పటికీ కదలకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టింది 5 లక్షల లోపే కాబట్టి అక్కడా ఫీజు ఉండదు, వకీలు తప్పనిసరి కాదు.