వ్యాన్‌లో కుంపటి మాత్రం వద్దండీ

డిసెంబరులో బెంగళూరు నుంచి ఊటీకి క్యాంపర్ వ్యాన్‌లో వెళ్తున్నాం, రాత్రిపూట బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. మూసిన వ్యాన్‌లో బొగ్గులైనా గ్యాస్ స్టవ్ అయినా కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఊటీ దాదాపు 2,240 మీటర్ల ఎత్తు. గడ్డి మీద మంచు పేరుకునే రాత్రులూ ఉంటాయి. ఆ చలి అడుగు నుంచే లాగుతుంది కాబట్టి, పైన మూడో దుప్పటి కన్నా పరుపు కింద మందపాటి ఫోమ్ షీటు మేలు. అద్దాలకూ అవే ముక్కలు కోసి బిగించండి. కాళ్ల దగ్గర వేణ్ణీళ్ల రబ్బరు సంచి పెట్టుకోండి.

కిటికీ మాత్రం వేలెడంత తెరిచే ఉంచండి. మేం అన్నీ బిగించి పడుకుంటే, ఊపిరి తేమంతా పైకప్పుకి పట్టి తెల్లారేసరికి మీద చుక్కలు పడ్డాయి. మా ఆవిడ వాననుకుంది!