పడవలో కాపురం: ఖర్చెంత, ఇబ్బందులేమిటి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

తెరచాప యాట్‌లోనే నివాసం ఉండటం గురించి ఈసారి గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మర్చంట్ నేవీలో ఇంజిన్ ఫిట్టర్‌ని. ఇంకో రెండు కాంట్రాక్టులు చేసి మానేద్దామని ఉంది. మలేషియాలోని లంకావిలో 34 అడుగుల పాత ఫైబర్ యాట్ 25 లక్షలకు వస్తోంది. నేనూ మా ఆవిడా అందులోనే ఉంటే ఇంటద్దె మిగులుతుంది కదా! నెలకు ఎంతలో గడుస్తుంది? – బరంపురం

జవాబు: అద్దె మిగిలే మాట నిజమే. ఆ మిగిలినదాన్ని పడవ అడుగుకు పూసే రంగు తినేస్తుంది. కొన్న ధరలో పది శాతం ఏటా మరమ్మతులకు పోతుందని యాట్ల వాళ్ళు చెప్పే లెక్క ఒకటుంది. పాత పడవకు అది పనికిరాదు. మీరు చవగ్గా కొన్నారని తెరచాప గుడ్డా, స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగా చవకైపోవు. 25 లక్షల పడవకు ఏడాదికి రెండున్నర లక్షలు కాదు, 4 లక్షలు పక్కన పెట్టండి. మొదటి ఏడాది బయటపడే రోగాలకు ఇంకో 5 లక్షలు. మెరీనాలో, అంటే యాట్లు కట్టుకునే అద్దె రేవులో కట్టకుండా లంగరు మీదే ఉంటే తిండి, డీజిల్, వీసాలు, ఫోన్లు కలిపి ఇద్దరికీ నెలకు 30 వేలు, దానికి మరమ్మతుల వాటా 33 వేలు. ఇన్సూరెన్సు, ఊరికి వచ్చిపోయే విమానం ఖర్చు వేరు. ఇది ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికితేనే సరిపోయే లెక్క.

రంగు సంగతి చూడండి. వెచ్చటి నీళ్ళలో అడుగుకు గుల్లలు పట్టకుండా యాంటీఫౌలింగ్ పూయాలి. ఎంత రంగు కావాలో మీరే తేల్చుకోవచ్చు. నీటిమట్టం దగ్గర పొడవును, వెడల్పూ మునకా (నీట మునిగే లోతు) కలిపిన మొత్తంతో హెచ్చవేసి, అందులో ముప్పావు వంతు తీసుకోండి. 34 అడుగుల పడవకు రమారమి 8.5 మీటర్లు, 3.2, 1.7 అనుకుంటే 31 చదరపు మీటర్లు వస్తుంది. రెండు పూతలకు 62. లీటరు రంగు 8 నుంచి 10 చదరపు మీటర్లకు సరిపోతుంది గనక 6 నుంచి 8 లీటర్లు పడుతుంది. ఏడాదికో, ఏడాదిన్నరకో ఒకసారి క్రేనుతో పైకి తీసి ఈ పని చెయ్యాలి. క్రేనుకూ, యార్డులో నిలిపినన్నాళ్ళకూ అద్దె కట్టాలి. రంగు ఆరేలోపు వాన పడితే ఆ అద్దె ఇంకా పెరుగుతుంది.

పైకి తీసినప్పుడే నీటిమట్టం కింద ఉన్న సీకాక్‌లు, అంటే లోపలికి నీళ్ళొచ్చే కవాటాలు చూడాలి. మామూలు ఇత్తడివైతే ఉప్పునీళ్ళకు అందులోని జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది. కత్తిమొనతో గీకండి. పసుప్పచ్చగా మెరిస్తే ఇంకా ఇత్తడే. గులాబి రంగు కనబడితే అది ఇక బిస్కెట్టుతో సమానం, పైపు మీద కాలు పడినా విరుగుతుంది. అన్నీ కంచువో, జింకు వదలని ప్రత్యేక ఇత్తడివో అయి ఉండాలి. మన గంజాంలో బెలగుంఠా ఇత్తడి చేప ఎంత అందంగా ఒళ్ళు తిప్పినా దాని చోటు అద్దాల బీరువాలోనే. ప్రతి సీకాక్ పక్కనా దాని కన్నానికి సరిపడే చెక్క బిరడాను తాడుతో కట్టి ఉంచండి. పైపుకు రెండేసి క్లిప్పులు బిగించండి.

స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగలను పది పన్నెండేళ్ళకు మార్చాలి. పాతవైతే చాలామంది ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోరు. తీగ వెంబడి దూదిపింజె లాగి చూడండి. పోగు చిక్కుకుంటే అక్కడ తీగ తెగుతున్నట్టు. డెక్కులోంచి కిందికి దిగే పట్టీలను మాత్రం విప్పించే చూడాలి. గాలి ఆడని చోట తడిసిన స్టెయిన్‌లెస్ స్టీలు పైకి మెరుస్తూనే లోపల పగులుతుంది.

మీకు కలిసొచ్చేది మీ చెయ్యే. యార్డు బిల్లులో సగం దాకా కూలే ఉంటుంది. చిన్న డీజిలు ఇంజిను మీకు ఆటబొమ్మ. ఒక్క మాట: సముద్రపు నీళ్ళు లాగే పంపులోని రబ్బరు ఇంపెల్లరును ఏటా మార్చండి. విప్పినప్పుడు రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే అది హీట్ ఎక్స్‌చేంజర్‌లో ఇరుక్కుని ఉంటుంది, దాన్ని తీసేదాకా ఇంజిను వేడెక్కుతూనే ఉంటుంది. ఇంకో మాట, 40 అడుగులది బాగుందని ఎవరైనా ఊరిస్తే ఆగండి. పొడవు పెరిగింది ఆరడుగులే గానీ బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, సామాన్ల ధరలూ దాని వెంటే నడుస్తాయి.

డబ్బు పంపే ముందు పడవను పరిశీలించే సర్వేయరును మీరే పెట్టుకోండి, అమ్మేవాడు చూపించినవాడిని కాదు. బిల్ ఆఫ్ సేల్, పాత దేశపు రిజిస్టర్లోంచి పేరు కొట్టేసిన సర్టిఫికెట్టు, పన్ను కట్టిన రసీదు మూడూ చేతికి రావాలి.

ప్రశ్న: తెరచాప యాట్‌ను మన గోపాలపురం దగ్గరో, ఋషికుల్య మొగలోనో, కనీసం చిలికలోనో ఉంచుకోలేమా? మా ఫైబరు బోట్లు ఒడ్డునే ఉంటున్నాయి కదా. – గోపాలపురం

జవాబు: మీ బోటు అడుగు చదును, కెరటం మీద వచ్చి ఇసుకలో కూర్చుంటుంది. యాట్‌కు కింద, నీళ్ళలో 1.7 మీటర్ల లోతు దాకా దిగే కీల్ అనే బరువైన రెక్క ఉంటుంది. అది ఇసుక తగిలితే పక్కకు ఒరిగిపోతుంది, తరువాతి కెరటం దాన్ని ఎత్తి కొడుతుంది. గోపాలపురం రేవు సరుకు ఓడలకు కట్టింది, యాట్లకు మెరీనా లేదు. ఋషికుల్య మొగలో ఇసుక దిబ్బ ఎప్పుడు ఎటు జరుగుతుందో మీకు తెలిసినంత మాకూ తెలీదు. పైగా తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ నీళ్ళలో చేపల వేటకు ఆంక్షలుంటాయి, గస్తీ తిరుగుతుంటుంది. చిలికకు 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు, నిజమే. కానీ సరస్సులో చాలా చోట్ల మనిషి నిలువు లోతు కూడా ఉండదు. మిగిలినచోట వలలు, రొయ్యల పెంపకానికి కట్టిన ఘేరీలు (దడులు).

అసలు అడ్డంకి గాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతిని ముంచింది. ఈ తీరంలో అలాంటి రాత్రి ఏ లంగరూ నిలబడదు. లంకావి 6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. భూమధ్యరేఖకు అంత దగ్గర్లో గాలిని తిప్పే భూభ్రమణ బలం చాలక తుపాన్లు అరుదు. అందుకే యాట్లు అటు చేరతాయి. మన దేశంలోనే కావాలంటే కొచ్చిలో బోల్గాట్టి దగ్గర మెరీనా ఉంది. బయట కొన్నదాన్ని ఇక్కడికి తెస్తే కస్టమ్స్ సుంకం పడుతుంది, బయల్దేరకముందే ఏజెంటుతో రాతపూర్వకంగా లెక్క కట్టించుకోండి. దూరమంటారా, లంకావి నుంచి గోపాలపురానికి దాదాపు 1,150 నాటికల్ మైళ్ళు. గంటకు 5 నాటికల్ మైళ్ళ వేగంతో పది రోజులు.

ప్రశ్న: మెరీనాకు డబ్బెందుకు? లంగరేస్తే ఉచితమే కదా. ఎంత గొలుసు ఉండాలి? – ఛత్రపురం

జవాబు: పాటులో, అంటే నీరు తగ్గినప్పుడు లోతు 6 మీటర్లు, పోటుకు పెరిగేది 2.5, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు 1.2. మొత్తం 9.7. మామూలు రోజుకు దీనికి అయిదింతలు, అంటే 48.5 మీటర్లు వదలాలి. గాలి ముదిరితే ఏడింతలు, 68. అందుకని 10 మిల్లీమీటర్ల గొలుసు 60 మీటర్లు, దాని వెనక 30 మీటర్ల నైలాను తాడు. గొలుసే 130 కేజీలు దాటుతుంది, కాబట్టి దాన్ని చేత్తో లాగుదామనుకోకండి. లోతు కొలిచేటప్పుడు పోటును మర్చిపోవడమే ఎక్కువమంది చేసే తప్పు. సాయంత్రం పాటులో వేసిన లంగరు అర్ధరాత్రి పోటుకు జారుతుంది. వేశాక ఇంజినును మెల్లగా వెనక్కి నడిపి 2000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్ళి ఒక నిమిషం అలాగే ఉంచండి. ఒడ్డున ఒక చెట్టూ దాని వెనక ఒక స్తంభమూ ఒకే వరసలో చూసుకోండి. ఆ వరస చెదిరితే లంగరు ఈడ్చుకుపోతున్నట్టే. ఉచితమన్నారు గానీ, ఒడ్డుకు పోవడానికి చిన్న డింగీ, దానికో మోటారు, పెట్రోలు తప్పవు.

ప్రశ్న: మా బావ పడవ కొంటున్నాడు. నేను ఎలక్ట్రీషియన్ని. ఇంటి ఇన్వర్టర్‌లా 150 ఏహెచ్ (యాంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, పైన రెండు ప్యానెళ్ళు పెడితే చాలదా? – పర్లాకిమిడి

జవాబు: చాలదు. తెరచాప ఎత్తితే పడవ 20 డిగ్రీలు ఒరిగి గంటలకొద్దీ అలాగే నడుస్తుంది, ట్యూబులర్‌లో యాసిడ్ ఒలుకుతుంది. యాసిడ్ ఒలకని ఏజీఎం రకం సీసం బ్యాటరీ గానీ, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గానీ పెట్టండి. ముందు ఖర్చు రాసుకోండి. 12 వోల్టుల ఫ్రిజ్ నడిచినప్పుడు 5 యాంపియర్లు లాగుతుంది, మన ఎండకు సగం సేపు నడుస్తుంది, అంటే రోజుకు 60 ఏహెచ్. ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, నీళ్ళ పంపు కలిపి ఇంకో 40. మొత్తం 100. సీసం బ్యాటరీని సగానికి మించి దించకూడదు. మబ్బు పట్టిన రెండు రోజులకు లెక్కేస్తే 400 ఏహెచ్ కావాలి. లిథియం అయితే 250 సరిపోతుంది. ప్యానెళ్ళు 400 వాట్లు. రోజుకు నాలుగున్నర గంటల పూర్తి ఎండ, స్తంభం నీడకు, వేడికి 30 శాతం పోయినా 1,260 వాట్ అవర్లు, అంటే సుమారు 100 ఏహెచ్ వస్తుంది. వానాకాలంలో ఇది సగమవుతుంది, అప్పుడు ఇంజిను నడపాల్సిందే.

ఇక్కడే లిథియం ముంచుతుంది. దాని లోపలి నిరోధం తక్కువ గనక ఇంజిను ఆల్టర్నేటరు నుంచి ఉన్నదంతా గంటలపాటు పీల్చేస్తుంది, వైండింగు కాలిపోతుంది. బ్యాటరీని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ హఠాత్తుగా కరెంటు తెంపేస్తే వోల్టేజి ఎగిరి డయోడ్లు పోతాయి. మధ్యలో డీసీ-డీసీ ఛార్జరు పెట్టండి.

ఇంటి పనిలో మీకు అలవాటు లేనిది వోల్టేజి నష్టం. 230 దగ్గర అర వోల్టు పోతే ఎవరికీ పట్టదు, 12 దగ్గర ఫ్రిజ్ ఆగిపోతుంది. ఫ్రిజ్ 6 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 12 మీటర్ల తీగ. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో 5 యాంపియర్లకు 0.42 వోల్టులు పోతాయి, మూడు శాతం హద్దు దాటినట్టు. 4 వేస్తే 0.26. తీగ తగరం పూత ఉన్నదే కావాలి, ఉత్త రాగి పచ్చగా చిలుము పట్టిపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపలే. ఒడ్డు కరెంటు తగిలిస్తే మధ్యలో గాల్వానిక్ ఐసొలేటరు ఉండాలి. లేకపోతే ఎర్తు తీగ ద్వారా పక్క పడవలతో కలిసిపోయి మిగతా లోహం తినేయకుండా పడవ అడుగున బిగించే మీ జింకు కడ్డీలు వారాల్లోనే హరించుకుపోతాయి.

ప్రశ్న: వంట, నీళ్ళు, బట్టలు ఎలా? గ్యాసు భయం లేదా? – ఛత్రపురం గృహిణి

జవాబు: భయపడండమ్మా, ఈ ఒక్కదానికి భయమే మంచిది. ఎల్పీజీ గాలికన్నా బరువు. ఇంట్లో అయితే కిటికీలోంచో గుమ్మంలోంచో పోతుంది, పడవలో అది బిల్జ్ అనే అడుగు గుంటలోకి దిగి కూర్చుంటుంది. అందుకే సిలిండరు డెక్కు మీద వేరే పెట్టెలో, కింద నుంచి బయటికి కన్నం ఉండేలా పెట్టాలి. వంటయ్యాక ముందు సిలిండరు కట్టేసి, పైపులో మిగిలింది మండి ఆరిపోయాక స్టవ్ తిప్పండి. ఇద్దరికి 5 కేజీల సిలిండరు మూడు వారాలొస్తుంది, రెండుంచుకోండి. దేశం మారితే వాల్వు మారుతుంది, అడాప్టరు కావాలి.

స్టవ్ పడవతో పాటు ఊగే రకం ఉంటుంది, గిన్నె జారకుండా బిగింపులుంటాయి. కుక్కరే మీ ప్రాణం. విజిలు అవసరం లేకపోయినా మూత బిగించి వండితే ఒలకదు. నడిచే పడవలో వడలు, పూరీలు వద్దు. రోజుకు 400 గ్రాముల లెక్కన 25 కేజీల బియ్యం ఇద్దరికీ రెండు నెలలు. ఎండబెట్టి మరమూత డబ్బాల్లో పొయ్యండి. అట్టపెట్టెలు మాత్రం ఒడ్డునే వదిలెయ్యండి, వాటి మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. గుమ్మడి, కంద, ఉల్లి ఫ్రిజ్ లేకుండా ఉంటాయి. ఎండుచేపల డబ్బా తెరిచేది డెక్కు మీదే, లేదంటే ఆ వాసన పరుపుతో సహా ఊరికి వస్తుంది.

మనిషికి రోజుకు 10 లీటర్లనుకుంటే 300 లీటర్ల ట్యాంకు పదిహేను రోజులు. 3 మీటర్లకు 2 మీటర్ల పందిరి గుడ్డ కడితే 10 మిల్లీమీటర్ల వానకు 60 లీటర్లు పట్టొచ్చు. మొదటి అయిదు నిమిషాలవి వదిలెయ్యండి, ఉప్పు కడుగుకుంటుంది. నడిసముద్రంలో అన్నానికి నాలుగు పాళ్ళ మంచినీళ్ళకు ఒక పాలు సముద్రపు నీరు కలిపితే ఉప్పు వెయ్యక్కర్లేదు, రేవు నీళ్ళతో మాత్రం వద్దు. బట్టలు ఉప్పునీళ్ళలో ఉతికినా ఆఖరు జాడింపు మంచినీళ్ళే. ఉప్పు మిగిలితే గాలిలో తేమ పీల్చి చొక్కా ఎన్నటికీ ఆరదు.

ప్రశ్న: అడగడానికి మొహమాటమే, మరుగుదొడ్డి? – గుణుపురం

జవాబు: చేతి పంపుతో సముద్రపు నీళ్ళు లాగే కమోడు. తిన్నది తప్ప ఇంకేదీ అందులో పడకూడదు, కాగితం కూడా బుట్టలోకే. మూత్రమూ ఉప్పునీళ్ళూ కలిసి పైపు లోపల సున్నంలా గడ్డకడుతుంది. వారానికోసారి వెనిగర్ పోసి రాత్రంతా ఉంచండి. పంపు బిగుసుకుంటే కొంచెం వంటనూనె. రేవులో ఉన్నన్నాళ్ళూ మురుగు ట్యాంకులోకే మళ్ళించాలి.

ప్రశ్న: కొండల్లో పెరిగినవాళ్ళం. తెరచాప నేర్చుకోవాలంటే? – రాయగడ విద్యార్థిని

జవాబు: 2017-18లో తారిణి అనే తెరచాప పడవ మీద భూమి చుట్టి వచ్చిన ఆరుగురు నావికాదళ అమ్మాయిల్లో పి. స్వాతి విశాఖపట్నం, బి. ఐశ్వర్య హైదరాబాదు. సముద్రమే లేని హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద చిన్న పడవలతో నేర్పుతారు, అక్కడ మొదలుపెట్టండి. తరువాత ఆర్‌వైఏ (బ్రిటన్ యాటింగ్ సంఘం) వాళ్ళ కాంపిటెంట్ క్రూ, డే స్కిప్పర్ కోర్సులు, పడవ మీద ఒక్కోటి అయిదు రోజులు. ఈత రావాలి. వాంతుల మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేస్తే అదీ బయటికే వస్తుంది. మాత్రతో నిద్రొస్తుంది గనక మొదటి రోజు చుక్కాని ఇంకొకరికి ఇవ్వండి.